నాలుగువందల పన్నెండు ప్యాచ్‌లలో ఏడు

శుక్రవారం ఉదయం ఎనిమిదీ పది. హరిశ్చంద్రపురం స్టేషన్‌లో పాసింజరు ఆగింది.

మూడో బోగీలోంచి వరహాలు దిగాడు. చేతిలో సంచీ లేదు. కుడి పిడికిలి మాత్రం బిగించి ఉంది. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. ఆ తోపులాటలో ఎవరో అతని భుజానికి తగిలి, "సారీ అండీ" అని ముందుకు వెళ్ళిపోయారు. వరహాలు మరో పదకొండడుగులు నడిచాడు. బెంచీ మీద కూర్చున్నాడు. బండి కదిలి వెళ్ళిపోయినా లేవలేదు. ఎండకి సొమ్మసిల్లాడేమో అనుకుని పోర్టరు నీళ్ళు తెచ్చాడు. ఆ నీళ్ళు అక్కర్లేకపోయాయి. మెడ మీద, చెవి కిందుగా, చీమ కుట్టినంత ఎర్రచుక్క ఉంది.

పిడికిలి విప్పడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది.

వరహాలు పలాసలో ఓ జీడిపప్పు ఫ్యాక్టరీ గుమాస్తా. ఇది ఊరందరికీ తెలుసు. కేంద్ర ప్రభుత్వంలో బోర్డు లేని ఒక ఆఫీసుకి అతను పద్నాలుగేళ్ళుగా పని చేస్తున్నాడని మాత్రం నలుగురికే తెలుసు. ఆ ఆఫీసుని మనం బ్యూరో అందాం. అసలు పేరు తెలిసినా చేసేదేమీ లేదు.

పిడికిలిలో దొరికింది, ప్లాస్టిక్ కవర్లో ఒక గుండ్రటి గుడ్డముక్క. అరచేతిలో ఇమిడేంత ఉంది. ఆకుపచ్చ నేల మీద పసుపు దారంతో కొబ్బరిచెట్టు, చుట్టూ తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు: ఉద్దానం స్కౌట్ ర్యాలీ, 1956.

* * *

ఆ మధ్యాహ్నం పలాసలో ఒక జీడిపప్పు గోదాం మేడ మీద తాతారావు నిలబడి ఉన్నాడు. కింద గింజలు కాలుస్తున్నారు. ఆ పొగకి కళ్ళు మండుతున్నాయి. కళ్ళ సంగతి ఎలా ఉన్నా, కాళ్ళు మాత్రం ఎందుకు వణుకుతున్నాయో అతనికి తెలుసు. చీఫ్ స్వయంగా కబురు పెట్టాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో చీఫ్ తనని పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు.

తాతారావు విశాఖపట్నం ఫైళ్ళ సెక్షన్లో పని చేస్తాడు. వయసు నలభై ఆరు. తుపాకీని ఫొటోలో చూశాడు. ఒంటరిగా రోడ్డు దాటడు, నలుగురు దాటేటప్పుడు వాళ్ళ మధ్యలో దాటతాడు. అతనికున్న ఒకే ఒక పిచ్చి, చొక్కా మీద కుట్టుకునే స్కౌట్ ప్యాచ్‌లు పోగుచేసి వాటికి కేటలాగ్ రాయడం. ఇంట్లో పంతొమ్మిదివందలు ఉన్నాయి.

"ఇదేమిటో చెప్పు" అన్నాడు చీఫ్ సూర్యప్రకాష్.

"ముందు గ్లౌజులు వేసుకోనివ్వండి సార్."

నూలు గ్లౌజులు తొడుక్కుని, చిన్న పట్టకారుతో ప్యాచ్‌ని ఎత్తి, తాతారావు మొట్టమొదట వెనక్కి తిప్పాడు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళంతా అంతే. ముందువైపు బొమ్మని ఎవరైనా కాపీ కొడతారు. ఏ కాలంలో, ఏ మిషన్ మీద కుట్టారో వెనకవైపు చూస్తేనే తెలుస్తుంది.

"నకిలీ సార్. అంచు చూడండి, తాడు పేనినట్టు లావుగా చుట్టి కుట్టారు. యాభయ్యారులో కుట్టిన గుడ్డని కత్తెరతో గుండ్రంగా కోసి వదిలేసేవారు." జేబులోంచి పెన్ను తీసి నొక్కాడు. ఊదారంగు వెలుతురు పడింది. తెల్లదారం నీలంగా మెరిసింది. "పాత నూలు ఇలా మెరవదు. దీన్ని నెల్లాళ్ళ లోపే కుట్టారు."

"ఇంకా?"

"మిషన్ ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి వెళ్ళేటప్పుడు వెనకాల దారం అడ్డంగా దాటుతుంది సార్. ఆ గీతలు చిన్నా పెద్దా ఎలాగైనా ఉండొచ్చు. కానీ ఇక్కడ సరిగ్గా రెండే కొలతలు ఉన్నాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి." తాతారావు ఆగాడు. స్కౌట్లో చేరిన ప్రతివాడూ నేర్చుకునే విద్య అది. "మోర్స్ కోడ్ సార్. డాష్, డాట్, డాట్. డి. తర్వాత ఐ. ఎల్. ఎల్. ఐ..."

పెన్ను ఆర్పేశాడు.

"చదువు."

"ఢిల్లీరావు" అన్నాడు తాతారావు. "ఆ తర్వాత ఒక రేవు పేరుంది. సార్... మా బావ సార్."

గోడకి ఆనుకున్నాడు.

ఢిల్లీరావు తాతారావు చెల్లెలు సరస్వతికి మొగుడు. ఏదో విదేశీ రేవులో ఓడలు బాగుచేసే ఫిట్టరని సొంతూరు కంచిలిలో అందరూ అనుకుంటారు, సరస్వతితో సహా. అతను బ్యూరో మనిషి. అయిదేళ్ళ కిందట, "మా బావ గట్టివాడు సార్, బోటు నడుపుతాడు, నాలుగు భాషలొచ్చు" అని చీఫ్‌కి అర్జీ పెట్టింది స్వయంగా తాతారావే.

వరహాలు గురువారం రాత్రి ఫోన్లో చెప్పిందంతా చీఫ్ గబగబా చెప్పుకుపోయాడు. ఫోన్లూ ఈమెయిళ్ళూ మనం చూస్తామని ఒక విదేశీ ముఠాకి తెలుసు. అందుకే విదేశాల్లో ఉన్న మన ఏడుగురు ఏజెంట్ల పేర్లు ఏడు ప్యాచ్‌ల వెనక కుట్టించారు. పలాసలో మూతపడ్డ ఓ ఫ్యాక్టరీ వెనక ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టారు. వరహాలు ఆ మిషన్నీ, దాని ఫైలునీ తగలబెట్టాడు. కానీ అప్పటికే ఆ ఏడూ టెక్కలిలో జరిగే ప్యాచ్ ఎగ్జిబిషన్‌కి వెళ్ళిపోయాయి. 301 నుంచి 307 వరకూ నంబరు చీటీలున్నవి తీసుకోమని ముఠా మనిషికి గుర్తు చెప్పారు. వరహాలు గురువారం సాయంత్రం ఆ హాల్లోకి దూరాడు. కాపలా మధ్య ఏడూ బయటికి తేలేకపోయాడు. అందుకని చీటీలన్నీ తారుమారు చేసి, మిషన్ దగ్గర దొరికిన నమూనా ప్యాచ్ ఒకటి జేబులో వేసుకుని వచ్చేశాడు.

"అంటే ఇప్పుడు ఏవి ఆ ఏడో వాళ్ళకీ తెలీదు. మనకీ తెలీదు. నువ్వు కనిపెట్టాలి. రేపు సాయంత్రం అయిదింటికి బారువ దగ్గరకి బోటొస్తుంది. అది ఖాళీగా వెళ్ళాలి."

"పోలీసుల్ని పెట్టి హాలంతా..."

"వరహాలు ఏ బండికి వస్తున్నాడో నలుగురికే తెలుసు. ఆ నలుగురిలో ఒకరు అమ్ముడుపోయారు. ఇక నేనెవరికి చెప్పను?"

"బావకైనా చెప్పండి సార్. పారిపొమ్మనండి!"

"అతను ఆదివారం పదకొండింటికి మీ చెల్లెలికి ఫోన్ చేస్తాడు. ఈలోగా మనకి దారి లేదు. ఆ పేర్లు రేపు రాత్రికి చేరితే, ఆదివారం ఫోన్ రాదు."

తాతారావు గ్లౌజులు విప్పేశాడు. "నావల్ల కాదు సార్, నాకు బయ్యం" అన్నాడు. భయమేస్తే అతని భాష కంచిలికి వెళ్ళిపోతుంది.

తలుపు తెరుచుకుంది. సంపెంగ అత్తరు వాసన ముందు వచ్చింది, మనిషి తర్వాత వచ్చింది. నల్లటి చలవ కళ్ళద్దాలు, నెమలికంఠం రంగు చీర, ఎత్తుమడమల చెప్పులు. ఫైళ్ళ సెక్షన్లో ఇలాంటి మనుషులు ఉండరు.

"శిరీష. ఫీల్డ్ ఆఫీసర్. నేను నమ్మే ఒక్క మనిషి. నీకు తోడు" అన్నాడు చీఫ్.

"నేనున్నాను కదండీ తాతారావు గారూ. మీరు ప్యాచ్‌లు చూడండి, మనుషుల్ని నేను చూసుకుంటాను" అంది శిరీష.

ఆ మాటతో తాతారావు కాళ్ళ వణుకు కొంచెం తగ్గింది. అతను చేసిన మొదటి తప్పు అది.

* * *

శనివారం పది గంటలకి టెక్కలి మిషన్ స్కూలు పాత హాల్లోకి బరంపురం రిటైర్డ్ హెడ్మాస్టరు ఒకాయన అడుగుపెట్టాడు. నెరిసిన విగ్గు, గుబురు మీసం, చేతికర్ర. వెనకాల కెమెరాతో ఒక పత్రికా విలేఖరి. హాల్లో సగంమంది ప్యాచ్‌లు చూడ్డం మానేసి విలేఖరిని చూశారు.

ఈ ఎగ్జిబిషన్ని నలభై రెండేళ్ళుగా నడిపిస్తున్నది సత్యవేదం మాస్టారు. రిటైరైన డ్రిల్లు మాస్టరు, బాప్టిస్టు సంఘంలో పెద్ద. డెబ్భై తొమ్మిదేళ్ళొచ్చినా ఖాకీ నిక్కరు వదల్లేదు. ఆయన దగ్గర కొనడం, అమ్మడం ఉండదు. ప్యాచ్‌కి ప్యాచ్ ఇచ్చి తీసుకోవాలి, అంతే. ప్రతి ప్యాచ్ కిందా ఆయన చేత్తో రాసిన చీటీ ఉంటుంది: నంబరు, సంవత్సరం, అంచు, వీపు, స్థితి.

హెడ్మాస్టరు స్కౌట్ పద్ధతిలో ఎడంచెయ్యి చాపాడు. మాస్టారు ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు. దగ్గరికి లాక్కుని చెవిలో అన్నాడు:

"ఓరి తాతారావూ, మీసమేట్రా ఇది?"

తాతారావు పై ప్రాణాలు పైనే పోయాయి.

"మాస్టారూ... మెల్లగా..."

"సెయ్యిచ్చిన తీరు సూసి పోల్చీసినాను. బొటనేలు లోపలికి ముడవొద్దని పదో తరగతిలో ఎన్నిసార్లు సెప్పినాను నీకు? సర్లే. నాటకాల్లో సేరినావేటి?"

"అలాంటిదే మాస్టారూ. ఎవరికీ చెప్పకండి. ప్రాణం మీదికొచ్చింది."

మాస్టారు అతని కళ్ళల్లోకి చూశాడు. ఇక ఏమీ అడగలేదు. ఆయనకి వేరే బాధ ఉంది. "నా సీటీలు సూడ్రా. గురువారం సాయంత్రం అన్నీ సర్దీసి తాళమేసినాను. శుక్రవారం పొద్దున్న సూద్దును కదా, ఏ సీటీ ఎక్కడుందో తెలీకుండా కలిపీసినారు. నలభై రెండేళ్ళలో నా సీటీ ఒక్కటి తప్పనేదు. ఇప్పుడు సరిసేద్దారంటే కళ్ళు ఆనవు. ఏ పాపాత్ముడు సేసినాడో, పెబువే సూసుకుంటాడు."

ఆ పాపాత్ముడు ఇప్పుడు మార్చురీలో ఉన్నాడని తాతారావు చెప్పలేకపోయాడు.

"నేను సరిచేస్తాను మాస్టారూ" అన్నాడు.

పదకొండు బల్లలు. నాలుగువందల పన్నెండు ప్యాచ్‌లు. సాయంత్రం మూడున్నరకి హాలు మూసేస్తారు.

గ్లౌజులు, పట్టకారు, పెన్ను. అంచు చూడు, వెనక్కి తిప్పు, వెలుతురు కొట్టు, పక్కకి పెట్టు. కొన్నిటి వీపు ఒట్టి గుడ్డ. కొన్నిటికి గాజుగుడ్డ అతికించి ఉంది. డెబ్భైల తర్వాత వచ్చినవాటికి పల్చటి ప్లాస్టిక్ పూత ఉంది. ప్రతి పాతదీ ఒక పలకరింపులా ఉంటుంది అతనికి మామూలు రోజుల్లో. ఇవాళ అలా లేదు. రెండు బల్లల అవతల నీలం చొక్కావాడొకడు కిళ్ళీ నములుతూ నిలబడ్డాడు. తాతారావు మూడో బల్లకి వెళితే వాడు అయిదో బల్లకి వచ్చాడు. తాతారావు నాలుగో బల్లకి వెళితే వాడు ఆరో బల్లకి వచ్చాడు. ప్యాచ్‌లు చూడ్డానికి వచ్చినవాడు ఒక్క ప్యాచ్‌నీ వెనక్కి తిప్పలేదు.

"మేడమ్, ఆ నీలం చొక్కా..."

"చూశాను. మీ పని మీరు చూడండి" అంది శిరీష కెమెరా వెనకనుంచి.

పన్నెండింటికి నాలుగు దొరికాయి. నాలుగింటి వెనకా రెండే కొలతల గీతలు, నాలుగు పేర్లు. మూడోది ఢిల్లీరావుది. అది చూసినప్పుడు తాతారావు ఒక నిమిషం కళ్ళు మూసుకున్నాడు. రెండు గంటలకి ఆరు అయ్యాయి. ఏడోది దొరకలేదు. రెండున్నర దాటింది. మూడైంది. బల్లలన్నీ అయిపోయాయి. మళ్ళీ మొదటి బల్ల దగ్గరికి వచ్చాడు.

మూడూ పదిహేనుకి ఒక పాత ప్యాచ్ చేతిలోకి వచ్చింది. కత్తిరించిన అంచు, వెలిసిపోయిన రంగు, టీ డికాషన్ రంగు మరకలు. పెన్ను వెలుతురులో మెరవలేదు. అందుకే పొద్దున్న దీని గీతలు కొలవకుండా వదిలేశాడు. ఇప్పుడు మళ్ళీ తిప్పాడు. ముందు చూశాడు, వెనక చూశాడు.

"మేడమ్! ఇదీ!" అన్నాడు గొంతు అదుపు తప్పి. "చూడండి, చొక్కాకి కుట్టిన ప్యాచ్‌కి ఎండ ముందువైపే తగులుతుంది. ముఖం వెలుస్తుంది, వీపు వెలవదు. ఇది రెండు వైపులా ఒక్కలా వెలిసింది. అంటే చొక్కా మీద ఎప్పుడూ లేదు. టీలో నానబెట్టి ముసలిదాన్ని చేసి, ఆరాక వెనక ఈ గీతలు కుట్టారు. అంచు కూడా తర్వాత కోశారు. మెరుపు టీ మరకకి చచ్చింది. ఎంత పనిమంతుడో చూడండి వీడు!"

ఆ రెండు నిమిషాలూ తాతారావు భయాన్ని మరిచిపోయాడు. నకిలీని పట్టుకున్న కేటలాగ్‌వాడికి ఎదురుగా ఎవరున్నారో గుర్తుండదు, వివరించి తీరతాడు. తెలియనట్టు నటించి ఆరింటితో ఆగిపోయి ఉంటే కనీసం ఒక్క పేరైనా దాగేది.

"అద్భుతం. మీరు లేకపోతే ఇవి ఎవరికీ దొరికేవి కావు" అంది శిరీష. మనస్ఫూర్తిగానే అంది.

మాస్టారు రూలు ఒప్పుకోడు. ఏడు తీసుకోవాలంటే ఏడు ఇవ్వాలి. తాతారావు తన ఆల్బంలోంచి ఏడు తీసి ఇచ్చాడు. అందులో ఒకటి తను పదో తరగతిలో వేసుకున్న చొక్కా మీదిది. దాన్ని ఇచ్చేటప్పుడు చెయ్యి రాలేదు. అయినా ఇచ్చాడు. కంగారులో గ్లౌజులు బల్ల మీదే వదిలేశాడు.

* * *

కారు టెక్కలి దాటి హైవే ఎక్కింది. ఏడు ప్యాచ్‌లూ ఏడు ప్లాస్టిక్ కవర్లలో, ఆల్బంలో, తాతారావు ఒళ్ళో ఉన్నాయి. విగ్గు తీసి పక్కన పెట్టాడు. ప్రాణం లేచి వచ్చినట్టుంది. అరగంటలో పలాస. చీఫ్ చేతిలో పెట్టేస్తే ఇక తన పని అయిపోయింది. రేపు పదకొండింటికి కంచిలి వెళ్ళి చెల్లెలి ఇంట్లో కూర్చోవాలి.

పలాస వచ్చింది. పలాస దాటిపోయింది.

"మేడమ్, పలాస దాటిపోయేం."

"అవును."

"చీఫ్ గారు అక్కడ..."

"ఎదురుచూస్తుంటాడు. చూడనివ్వండి."

తాతారావు అద్దంలోకి చూశాడు. డ్రైవరు టోపీ కింద కిళ్ళీతో ఎర్రబడ్డ పళ్ళు కనిపించాయి. చొక్కా నీలం.

శిరీష హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత తిప్పింది. ఎర్రటి రంగు ఉండాల్సిన చోట సన్నటి సూది బయటికొచ్చింది. దాని మొన తాతారావు మెడకి, చెవి కిందుగా, బెత్తెడు దూరంలో ఆగింది.

"వరహాలుకి కూడా ఇదే. నొప్పి ఉండదు. ఫోను ఇవ్వండి. ఆల్బం కూడా."

ఇచ్చేశాడు. వెధవ చేతులు చెప్పకుండానే ఇచ్చేశాయి. ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది తాతారావుకి. ఆ నలుగురిలో అమ్ముడుపోయింది ఈమే. ఆ నాలుగువందల పన్నెండులో ఏడింటిని వాళ్ళు ఏడు జన్మలెత్తినా కనిపెట్టలేరు. కనిపెట్టి, కవర్లలో పెట్టి, ఎలా కనిపెట్టాడో పాఠం కూడా చెప్పి మరీ అందించింది తనే. బావకి ఉద్యోగం ఇప్పించింది తను. బావ ప్రాణం తీసేదీ తనే.

అతనికి ఏడుపొచ్చింది. భయం దాన్ని కూడా బయటికి రానివ్వలేదు.

కారు హైవే దిగి కుడివైపుకి తిరిగింది. కొబ్బరితోటలు, జీడితోటలు, మళ్ళీ కొబ్బరితోటలు. తోటల్లో మనుషులున్నారు. ఒక్క కేక పెడితే వినబడేంత దూరంలో ఉన్నారు. సూది మొన చర్మానికి తగిలి చల్లగా ఉంది. కేక గొంతులోనే ఉండిపోయింది.

* * *

బారువలో ఇంకా బోలెడు వెలుగుంది. ఒడ్డున తెప్పలు బోర్లించి ఉన్నాయి. ఇసక మీద వలలు పరిచి ఆడవాళ్ళు చేపలు ఎండబెడుతున్నారు. వాళ్ళకి కాస్త ఎడంగా, రెండు ఇంజన్ల ఫైబరు బోటొకటి ముక్కు ఇసకకి ఆనించి ఉంది. ఇంజను ఆగలేదు, గుర్రుగుర్రుమంటోంది. బోటులో రెయిన్‌కోటు వేసుకున్న తెల్లగడ్డం మనిషి.

డ్రైవరు కారు దగ్గర ఆగిపోయాడు. శిరీష తాతారావు చెయ్యి పట్టుకుని, లిప్‌స్టిక్ అతని నడుముకి ఆనించి, దగ్గరి దారిన నడిపించింది. ఆ దగ్గరి దారి ఎండుచేపల మీదుగా ఉంది.

"ఓలమ్మా! సేపల మీద సెప్పులేటే!" ఒక ముసలామె లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది. "కళ్ళు కనబడ్డం లేదేటి? కళ్ళకి నల్లద్దాలెట్టుకుంతే ఏటి కనబడతాది! సన్యాసమ్మ సేపలు తొక్కినోలు బాగుపడ్డట్టు సరిత్రలోనే నేదు!"

శిరీష వెనక్కి తిరిగి చూడలేదు. ఎత్తుమడమల కింద చేపలు పటపటమన్నాయి.

బోటు ముందు నీళ్ళు పాదాలు తడుపుతున్నాయి. తెల్లగడ్డం ఆల్బం అందుకోవడానికి చెయ్యి చాపలేదు. తాతారావుని చూపించి ఇంగ్లీషులో అన్నాడు: "అతన్ని ఒకటి తీసి చదవమను. నా ముందర. నకిలీ వద్దు."

"చదవండి. ఒక్కటి చాలు. తర్వాత మిమ్మల్ని వదిలేస్తాను" అంది శిరీష.

వదలదని తాతారావుకి తెలుసు. అయినా ఆల్బం అందుకుని తెరిచాడు. చేతికి తగిలిన మొదటి కవరు విప్పి ప్యాచ్‌ని అరచేతిలో పెట్టుకున్నాడు. గ్లౌజులు లేవు. తిప్పాడు. డాష్, డాట్, డాట్.

ఎన్ని వాటిల్లో చెయ్యి పెట్టినా బావదే రావాలా.

అరచెయ్యి చెమటతో చిత్తడిగా ఉంది. బొటనవేలు మొదటి గీత మీద ఉంది. "డి" అన్నాడు. వేలు జరిపాడు. గీత లేదు.

మళ్ళీ చూశాడు. నిజంగానే లేదు. దారం ఉండాల్సిన చోట పంచదార కరిగినట్టు కాస్త జిగురు ఉంది.

నీళ్ళలో కరిగే దారం. ఎంబ్రాయిడరీ వాళ్ళు తాత్కాలికంగా వాడే రకం. పట్టుబడితే క్షణంలో ఆనవాలు లేకుండా చేసుకోవడానికి ముఠా వాళ్ళు దాంతో కుట్టారు. రెండు రోజులుగా గ్లౌజులతో ముట్టుకున్నాడు కాబట్టి అతనికి తెలియలేదు.

ఎదురుగా బంగాళాఖాతం మొత్తం ఉంది.

ప్యాచ్‌కి నీటిచుక్క తగలనివ్వకూడదు. ముప్ఫై ఏళ్ళుగా తాతారావు ఎంతమందికో చెప్పిన నియమం, ఇప్పుడు మొదటి అడ్డంకి. తను మోకాలి లోతు దాటి సముద్రంలోకి ఎప్పుడూ దిగలేదన్నది రెండోది. సూది నడుము దగ్గర ఉన్నదన్నది మూడోది.

"ఏమైంది? చదవండి!"

"ఏడూ వరసలో పెట్టాలి మేడమ్" అన్నాడు. అతను ఫీల్డులో ఆడిన మొట్టమొదటి అబద్ధం అది. గొంతు ఎంత వణికిందంటే, భయపడ్డవాడు అబద్ధమాడడని ఇద్దరూ నమ్మారు. "ఒకటి చదివితే సగమే వస్తుంది. ఏడింటికీ కలిపి తాళం ఉంది."

శిరీష ఇంగ్లీషులో చెప్పింది, తెల్లగడ్డం తల ఊపాడు. తాతారావు కవర్లు ఒక్కొక్కటీ విప్పాడు. ఆరోది విప్పేటప్పుడు తెల్లగడ్డం వాచీ చూసుకున్నాడు. ఏడోది విప్పగానే చెయ్యి చాపాడు. "చాలు. ఇవ్వు."

బోటు వెనకనుంచి కెరటం లేచింది. తాతారావు పడిపోయాడు.

కాళ్ళు వణికి పడ్డాడా, కావాలనే పడ్డాడా అన్నది తర్వాత రిపోర్టులో కూడా తేలలేదు. పిడికిలి మాత్రం విప్పలేదు. నెత్తి మీంచి నీళ్ళు వెళ్ళాయి. ముక్కులోకీ నోట్లోకీ ఉప్పునీళ్ళు, ఇసకా. చచ్చిపోతున్నాననుకున్నాడు. అనుకుంటూనే నీళ్ళ అడుగున రెండు అరచేతుల మధ్య ఏడు ప్యాచ్‌లనీ పెట్టి, చాకలిరేవులో బట్టలు నులిమినట్టు నులిమాడు. ఇంకా నులిమాడు. కెరటం లాగేసరికి చేతుల్లోంచి నాలుగు జారిపోయాయి.

శిరీష నీళ్ళలోకి దూకింది. తేలుతున్న ఒకదాన్ని పట్టుకుని తెల్లగడ్డానికి విసిరింది. అతను వెనక్కి తిప్పి చూశాడు. శుభ్రంగా ఉంది. ఇంకొకటి అందుకున్నాడు. అదీ శుభ్రంగా ఉంది. అతను ఏదో భాషలో ఒక చిన్న మాట అన్నాడు. ఇంజను గట్టిగా అరిచింది. బోటు ఆమెని వదిలేసి వెనక్కి తిరిగింది.

శిరీష తాతారావు వైపు తిరిగింది. ఆమె సూది పైకెత్తి వస్తోంది. అతను లేవలేకపోయాడు. పాకాడు. మళ్ళీ కెరటం. తడిసిన చీర ఆమె కాళ్ళకి చుట్టుకుంది.

"ఓలమ్మో, ఆ బాబు ములిగిపోతన్నాడు! ఆ నల్లద్దాల గుంట ఇంకా తోసేత్తంది సూడండే! వల ఒగ్గండే, వల!"

సన్యాసమ్మ, మరో ఆరుగురు ఆడవాళ్ళు, ఎండుచేపలు ఎగిరిపోయినా లెక్కచెయ్యకుండా వల లాక్కుని నీళ్ళలోకి దిగారు. శిరీష తల మీద వల పడింది. ఆమె చేతిలోంచి లిప్‌స్టిక్ జారి సముద్రంలో పోయింది. తుపాకులతో ఆడుకున్న మనిషి, పోట్లాడితే చిక్కు ఇంకా బిగుసుకునే వలలో ఇరుక్కుంది. పైగా ఆ వల పట్టుకున్నవాళ్ళు ఆమె తొక్కిన చేపల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి మరీ తిడుతున్నారు.

సన్యాసమ్మ తాతారావుని జబ్బపట్టి ఇసక మీదికి ఈడ్చింది. "ఈత రాదేటి నీకు?"

"రాదమ్మా."

"మరెందుకు దిగినావు?"

తాతారావు సమాధానం చెప్పబోయాడు. ఉప్పునీళ్ళు బయటికొచ్చాయి. సగం మీసం ఇంకా పెదవికి అతుక్కుని ఉంది. పిడికిలి తెరిచాడు. మూడు ప్యాచ్‌లు మిగిలాయి. మూడింటి వెనకా ఏమీ లేదు.

చీఫ్ నలభై నిమిషాల తర్వాత వచ్చాడు, సన్యాసమ్మ ఫోన్లోంచి వెళ్ళిన కబురుతో. డ్రైవరు హైవే మీద దొరికాడు.

* * *

ఆదివారం పదకొండింటికి కంచిలిలో సరస్వతి ఇంట్లో తాతారావు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పదిన్నర నుంచీ ఫోను వైపే చూస్తున్నాడు.

"ఏటన్నియ్యా, జొరమా? సెయ్యి అలా అదురుతంది" అంది సరస్వతి.

"ఏం లేదమ్మా."

పదకొండూ రెండైంది. పదకొండూ అయిదైంది. దారం కరిగింది, పేర్లు వెళ్ళలేదు, బోటు ఖాళీగా పోయింది. అన్నీ తెలుసు. అయినా ఏదైనా ఒక్క అక్షరం మిగిలి ఉంటే? తెల్లగడ్డం ఒక్క పేరైనా చూసి ఉంటే? చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

పదకొండూ ఎనిమిదికి ఫోను మోగింది. సరస్వతి స్పీకరు నొక్కింది.

"ఏటే, బాగున్నావా? లైను దొరక్క సచ్చినాను." ఢిల్లీరావు గొంతు. వెనకాల ఏవో ఓడల హారన్లు. "అన్నియ్య ఒచ్చినాడా? ఏటి బావా! ఏటి మాటాడ్డం లేదు?"

తాతారావు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బావ బతికే ఉన్నాడు. మాట్లాడుతున్నాడు. అతను కొంతసేపు ఏడిచాడు. సరస్వతికి ఏమీ అర్థం కాలేదు.

"ఆఫీసులో పని ఎక్కువైంది బావా" అన్నాడు చివరికి.

"పనా! నీకేటి పని బావా!" అవతలనుంచి పగలబడి నవ్వు. "ఫేను కింద కూకుని గుడ్డముక్కలు సూసుకుంతావు. బయ్యమా, పాడా! నాకూ అలాటి ఉద్దోగం ఒకటి సూడకూడదేటి?"